చాప మీది పేరు

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 7, 1982.

అక్కయ్యకు తమ్ముడు దైవాశీర్వాదం వందనాలు.

ఇక్కడ ముగ్గురం ఉన్నాం. నీ ఉత్తరం వచ్చి నెలయింది. రాయడానికి ఏమీ లేక ఆగాను.

మంచు కరుగుతోంది. కోడలు శాంతికి ఈ నెలంతా ఆసుపత్రిలో పగటి డ్యూటీ. రేణును బడి బస్సు ఎక్కించేది నేనే. అక్కడ మిగతా పిల్లల తల్లులు నన్ను చూసి హాయ్ అంటారు. నేను తల ఊపుతాను. ఆరేళ్ళుగా ఇదే.

మంచు తోసే పార గరాజులోనే ఉంది. అది పట్టుకునే కదా మావాడు రవికుమార్ పడిపోయింది. ఈ ఏడు కూడా శాంతి దాన్ని తాకనివ్వలేదు. పక్కింటాయన తన పార తెచ్చుకుని తోసి పోయాడు.

ఒక సంగతి. మొన్న రవికుమార్ పేరున ఇంగ్లండు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాడు పోయి రెండేళ్ళు దాటినా టెలిఫోను పుస్తకంలో పేరు అలాగే ఉంది. శాంతి తీయించలేదు, నేనూ అడగలేదు. ఆ పుస్తకం చూసి రాశాడట. పేరు ఆర్థర్ పెల్‌వర్త్. రైలు స్టేషనులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మన ఇంటిపేరే ఆయనకూ. ఈ పేరు లోకంలో ఎక్కడెక్కడ ఉందో వెతకడమే ఇప్పుడు ఆయన పని. లైబ్రరీలో కూర్చుని దేశదేశాల టెలిఫోను పుస్తకాలు తిరగేస్తాడు. గోడ మీద లోకం పటం పెట్టుకుని, ఇల్లు దొరికిన చోటల్లా ఒక గుండుసూది గుచ్చుతాడు. మొత్తం అరవై మూడు సూదులట. నలభై ఒకటి ఇంగ్లండులో డెవాన్ అనే జిల్లాలో, అదీ నాలుగు ఊళ్ళలోనే. ఆస్ట్రేలియాలో పదకొండు. కెనడాలో పది. మిషిగన్‌లో ఒకటి.

ఆ ఒకటి మనం.

పుస్తకంలో ఆర్. పెల్‌వర్త్ అని ఉండేసరికి ఏ రాబర్టో రిచర్డో అనుకున్నట్టున్నాడు. "ప్రియమైన బంధువా" అని మొదలుపెట్టాడు. మీ తాతలు ఏ ఊళ్ళో ఓడ ఎక్కారు అని అడిగాడు. రేణు చదివి వినిపించింది. ఏం జవాబు రాయాలో తెలియక కాగితం బైబిల్లో పెట్టాను.

వాడి సమాధి రాయి సంగతి అడిగావు. ఇంకా లేదు. కార్డే ఉంది.

నీ కంటికి చుక్కల మందు వేసుకుంటున్నావా.

నీ తమ్ముడు,
పి. దైవాశీర్వాదం.


హెర్న్‌డన్,
మార్చి 15, 1982.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానురా! అంత పెద్ద సంగతిని అటూ ఇటూ నాలుగు ముక్కల మధ్య పెట్టి రాశావు. మంచు ఎవరు తోశారో రాశావు, బస్సు రాశావు, మన దొరల వాళ్ళు మనల్ని వెతుక్కుంటూ వస్తే "ఒక సంగతి" అన్నావు. చిన్నప్పుడూ అంతే. ఇల్లు అంటుకుంటే వచ్చి గుమ్మంలో నిలబడి "అమ్మా" అనేవాడివి, తర్వాత ముక్క వచ్చేసరికి సగం కాలిపోయేది.

ఏం జవాబు రాయాలో తెలియకపోవడం ఏమిటి? ఉన్నది రాయి. మన తాత జోసెఫ్ మిషను ఆసుపత్రి డాక్టరు దొర కొడుకు. తల్లి మన మనిషి. దొర బయటికి ఒప్పుకోలేక బోర్డింగులో పెట్టి పెంచాడు, పేరు మాత్రం ఇచ్చాడు. నాన్న నోరు విప్పి చెప్పకపోతేనేం, ఊరందరికీ తెలుసు. నా పిల్లికళ్ళు చాలవా సాక్ష్యం? మా అత్తగారు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు గడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పి చూసింది. "దొరల కళ్ళే" అని అక్కడికక్కడే ఒప్పేసుకుంది. నీకు గుర్తుండదు, నువ్వు మామిడికాయ తింటున్నావు.

నువ్వు రాయకపోతే నేను రాయిస్తాను. మావాడు రత్నరాజు ఆఫీసులో టైపు చేసి పెడతానన్నాడు.

ఇంక ఆ సమాధి రాయి సంగతి. రెండేళ్ళు! బిడ్డ నెత్తిన ఇనప పుల్లకు గుచ్చిన కార్డు ముక్క! మొన్న చర్చి బేస్‌మెంటులో తెలుగు ఆరాధన అయ్యాక మీ మిషిగన్ నుంచి వచ్చినావిడ అందరి ముందూ అడిగింది, "మీ మేనల్లుడికి రాయి పెట్టలేదేమండీ" అని. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. శాంతి వద్దంటోందా? చిన్న వయసు. ఆ పిల్ల మనసులో ఇంకేమైనా ఉందా? ఉంటే చెప్పు. నువ్వు నోట్లో నాలుక లేనివాడివి, నేను అడుగుతాను.

ఇక్కడ విమానాలు ఇంటి కప్పు మీదే పోతాయి. కళ్ళు మసకగా ఉన్నా చెవులు మాత్రం హాయిగా ఉన్నాయి, అందుకే ఈ బాధ.

మీ అక్క,
జ్ఞానమ్మ.


ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 4, 1982.

అక్కయ్యకు వందనాలు.

శాంతిని ఏమీ అనవద్దు. రాయి ఆగింది నా వల్ల.

వాడు పోయిన రెండో నెలలోనే శాంతి నన్ను రాళ్ళు చెక్కే దుకాణానికి తీసుకెళ్ళింది. అతను ఒక కాగితం ముందు పెట్టాడు. ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు పైన ఉండాలట, పెద్ద అక్షరాలతో. మనిషి పేరు దాని కింద, చిన్నగా. మన దగ్గర అది ఒక్క అక్షరం. పి. అంతే. బడిలో పి., జీతం పుస్తకంలో పి. పాస్‌పోర్టు దాకా ఆ పి. అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. శాంతి నా వైపు చూసి "పేరు మీది మామయ్యా, మీరెలా చెప్తే అలా" అంది. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆర్థరు గారికి ఏమీ రాయించవద్దు అక్కా. కొన్నాళ్ళు ఆగు.

నీ తమ్ముడు,
దైవాశీర్వాదం.


హెర్న్‌డన్,
మే 10, 1982.

తమ్ముడూ,

ఆగమన్న నీ ఉత్తరం వచ్చేసరికి నా ఉత్తరం వెళ్ళిపోయింది, అడ్రసు రత్నరాజు ఫోను చేసి రేణునడిగి తీసుకున్నాడు. ఆయన వెంటనే జవాబు ఇచ్చాడు. ఎంత మర్యాదస్థుడనుకున్నావు! మూడు పేజీలు. పెల్‌వర్త్ వంశవృక్షం గీసి పంపాడు. డెవాన్‌లో పదహారు వందల చిల్లర నుంచీ ఉన్నారు, గొర్రెలు కాసేవాళ్ళట మొదట్లో. కిందికి వచ్చేసరికి ఒక కొమ్మకి చుక్కల గీత, దాని కొసన జోసెఫ్, ఇండియా. దాని కింద నాన్న, నాన్న కింద నువ్వూ నేనూ. నీ కింద రవికుమార్, వాడి కింద రేణు. చుక్కల గీత ఎందుకురా అని రత్నరాజును అడిగితే, కాగితం రుజువు దొరికే దాకా అలా గీస్తారు అన్నాడు. దొరక్కపోతే పోయింది, చుక్కలైనా గీతే కదా. వచ్చే ఏడు ఇదంతా పుస్తకంగా అచ్చు వేస్తాడట. రవికుమార్ పేరు ఇంగ్లండులో పుస్తకంలో ఉంటుంది, చూడు. నాకు ఆ కాగితం పట్టుకుంటే ఏడుపొచ్చింది.

నువ్వేమో పేరు మీద ఆలోచిస్తున్నానంటావు. ఏం ఆలోచన? పేరు మార్చేద్దామనా? నాన్నా తాతా మోసిన పేరు నీకు ఈ దేశం వచ్చాక బరువైందా? ఇక్కడ కొందరు కొత్తగా పేర్లు కత్తిరించుకుంటున్నారు, తెల్లవాళ్ళకి నోరు తిరగదని. మనకా బాధ కూడా లేదు కదరా, మనది వాళ్ళ పేరే!

నాకు అర్థమైంది, నీకు అక్కడ బాగోలేదు. శాంతికి కూడా ఒక ముక్క రాశాను, మా తమ్ముణ్ణి నా దగ్గరికి పంపమని. రత్నరాజు వచ్చి కారులో తీసుకొస్తాడు.

జ్ఞానమ్మక్క.


ఫార్మింగ్టన్ హిల్స్,
జూన్ 6, 1982.

అక్కయ్యకు వందనాలు.

శాంతి నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివింది. మడిచి సొరుగులో పెట్టింది. అన్నం వడ్డించాక అడిగింది. "మామయ్యా, మీకు ఇక్కడ ఉండాలని లేదా? పెద్దత్తయ్య రాశారు." నేను లేదు అన్నాను. ఉండాలని లేదన్నానో, అలాంటిదేమీ లేదన్నానో ఆ పిల్లకు తెలియలేదు. వారం రోజులు నా బట్టలన్నీ ఉతికి మడతపెట్టి పెట్టెలో సర్దింది. నాకు తర్వాత రేణు చెప్పింది. అప్పుడు వెళ్ళి, నేను ఎక్కడికీ వెళ్ళను అన్నాను. బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టింది. 

నేను మాట్లాడకపోవడం వల్ల ఇదంతా. అందుకని రాస్తున్నాను. ఇంత పొడుగు ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. రేణు పుస్తకంలో కాగితాలు చింపి ఇచ్చింది.

అక్కా, తాత దొర కొడుకు కాదు.

నాన్న చెప్పాడు. నాకు ఇరవై ఏళ్ళు. మిషను పడవ మీద నాన్నా నేనూ ఇద్దరమే ఉన్నాం, కాలవలో. నాన్న గెడ వేస్తూ చెప్పాడు, నా వైపు చూడకుండా.

పెద్ద కరువు నాటి మాట. బోర్డింగులో పిల్లలు పడుకునే హాలు ఉండేది, నువ్వూ చూశావు. గోడకు వరసగా మేకుల గుర్తులు ఉండేవి, జ్ఞాపకం ఉందా? అక్కడ చెక్క పలకలు ఉండేవట. ఒక్కో పలక కింద ఒక్కో చాప. ఇంగ్లండులో ఎవరో ఒక బిడ్డకు తిండికీ బట్టకూ ఏటా డబ్బు పంపుతారు. పంపిన వాళ్ళు చెప్పిన పేరు పలక మీద రాస్తారు. ఆ చాప మీద పడుకునే పిల్లవాడికి అదే పేరు. అది అప్పటి పద్ధతి.

ఒక పలక మీద జోసెఫ్ పెల్‌వర్త్ అని ఉండేది. దాని కింద ఒక పిల్లవాడు ఉండేవాడు. తట్టు వచ్చి పోయాడు. పోయాడని రాస్తే డబ్బు పంపడం మానేస్తారని బోర్డింగు పెద్దకు భయం. గేటు బయట ఇంకా పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకణ్ణి లోపలికి తెచ్చి ఆ చాప మీద పడుకోబెట్టారు. ఇంగ్లండుకు ఏమీ రాయలేదు.

ఆ రెండోవాడు తాత. ఆరేళ్ళు ఉంటాయి. చాప ఇంకా తడిగా ఉందట, కడిగినందుకు. తాతకు అది ఒక్కటీ బాగా గుర్తు అని నాన్న అన్నాడు. వీపుకు చల్లగా తగిలిందట. తనకు అంతకు ముందు ఇంకో పేరు ఉండేది. కొత్త పేరుతో పిలిస్తే పలికితేనే గంజి. రెండు నెలల్లో పాతది మరిచిపోయాడట. పెద్దయ్యాక ఎంత ఆలోచించినా రాలేదట.

నాన్న నీకు చెప్పవద్దన్నాడు. నీ అత్తవారు దొరల మాట నమ్మి నిన్ను చేసుకున్నారని. అందుకని చెప్పలేదు.

ఇప్పుడు నేను రవికుమార్ నెత్తిన పెద్ద అక్షరాలతో ఏం వేయించను? ఆ పేరు గల పిల్లవాడు కాలవ గట్టున ఎక్కడో రాయి లేకుండా ఉన్నాడు. వాడి పేరు మీద మనం నూరేళ్ళు అన్నం తిన్నాం. దాన్ని రాతి మీద చెక్కిస్తే ఇంక మనదే అని చెప్పినట్టు. చెక్కించకపోతే వేయడానికి మనకు వేరే పేరు లేదు. దుకాణంలో ఆ కాగితం చూసిన రోజు నుంచి ఇక్కడే ఆగిపోయాను.

శాంతి తప్పు ఏమీ లేదు.

నీ తమ్ముడు,
దైవాశీర్వాదం.


హెర్న్‌డన్,
జూన్ 14, 1982.

యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళు నా నోటితో నేను ఊరందరికీ చెప్పుకుంటూ తిరుగుతుంటే నువ్వు పక్కన కూర్చుని విన్నావు. నా మనవల పెళ్ళిళ్ళలో చెప్పాను. మొన్న ఇంగ్లండుకి టైపు చేయించి పంపాను. నువ్వు మామిడికాయ తింటూనే ఉన్నావు.

నా కళ్ళు ఎవరివిరా అయితే?

ఆర్థరు గారికి నువ్వే రాసుకో. నేను రాయను.

జ్ఞానమ్మ.


ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబరు 19, 1982.

అక్కయ్యకు వందనాలు.

మూడు నెలలుగా నీ ఉత్తరం లేదు. కోపం తగ్గలేదని అనుకుంటున్నాను. రాయకపోయినా సరే, ఈ సంగతులు చదువు.

ఆర్థరు గారికి రేణు చేత ఉన్నది ఉన్నట్టు రాయించాను. పన్నెండేళ్ళ పిల్ల. నేను తెలుగులో చెప్తే అది ఇంగ్లీషులో రాసింది. చాప దగ్గర ఆగి, "తాతా, అతని అసలు పేరు ఏంటి?" అని అడిగింది. ఎవరికీ తెలియదమ్మా అన్నాను. "ఎవ్వరికీ?" అంది. కాసేపు పెన్సిలు కొరికి మళ్ళీ రాసింది.

ఆయన జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. రక్త సంబంధం లేదు గనక వృక్షంలోంచి తీసేయాలట. పుస్తకం చివరి పేజీలో "ఇతరులు" అని ఒక వరుస ఉంది, అందులో పెడతాడట. గోడ మీద సూది మాత్రం తీయడట. పేరు ఉన్న ఇల్లు ఉన్నట్టే కదా అన్నాడు. ఆ బోర్డింగుకు డబ్బు పంపిన వాళ్ళు తనకు ముత్తవ్వల వరస అయ్యే ఇద్దరు అక్కచెల్లెళ్ళు కావచ్చు, వాళ్ళ రేకు పెట్టె ఒకటి చుట్టాల ఇంట్లో ఉంది, చూస్తాను అని రాశాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

శాంతికి కూడా చెప్పాను. భోజనం దగ్గర. ఆ పిల్ల పెరుగు కలుపుకుంటూ వింది. "పదమూడేళ్ళుగా నా బ్యాడ్జి మీద ఆ పేరే ఉంది మామయ్యా. పేషెంట్లు మీ ఆయన తెల్లవాడా అని అడుగుతారు. ఓపిక ఉన్న రోజు కాదని చెప్తాను. లేని రోజు అవునంటాను" అంది. ఇద్దరం కొంచెం నవ్వాం. తర్వాత గిన్నెలు కడిగాం. ఆ పిల్ల సబ్బు పెట్టింది, నేను నీళ్ళు పోశాను.

కార్డు మీద అక్షరాలు పోయాయి. ఎండకు తెల్లబడింది. గడ్డి కోసే బండి తగిలి పుల్ల వంగింది. నేను నిలబెట్టి చుట్టూ మట్టి తొక్కాను. దగ్గరికి వెళ్ళి చూసినా ఎవరిదో తెలియదు. తెలిసిన వాళ్ళం గనక తెలుస్తుంది. శ్మశానం ఆఫీసు వాళ్ళు రాశారు, ఈ చలికాలం లోపల రాయి ఆర్డరు ఇవ్వకపోతే పుల్ల తీసేస్తారట.

కంటి మందు మానకు.

నీ తమ్ముడు,
దైవాశీర్వాదం.


హెర్న్‌డన్,
అక్టోబరు 3, 1982.

మామయ్యగారికి రత్నరాజు వందనాలు. అమ్మ చెప్తుంటే నేను రాస్తున్నాను. ఒక్క ముక్క మార్చవద్దని ఆర్డర్.

ఒరే తమ్ముడూ, కోపమూ లేదు గీపమూ లేదు. కోపం పది రోజులే ఉంది. తర్వాత కన్ను బొత్తిగా కనపడలేదు. ఆగస్టులో ఒక కంటికి ఆపరేషన్ చేశారు, మొన్న రెండోదానికి. నీకు చెప్పవద్దని రత్నరాజుకు నేనే చెప్పాను, నువ్వు కంగారుపడి ఏమీ అనకుండా కూర్చుంటావని. కట్టు ఉన్నన్నాళ్ళు చీకట్లో పడుకుని నీ ఉత్తరమే తలుచుకున్నాను. ఆ తడి చాప. నాకూ వీపుకు తగిలినట్టే ఉండేది.

నేనూ ఒకటి దాచానురా. అమ్మమ్మవి పిల్లికళ్ళే. అమ్మ వాళ్ళ అమ్మ. నువ్వు పుట్టకముందే పోయింది, నేను చూశాను. ఆవిడ దొరలను దూరం నుంచి కూడా చూసి ఉండదు. నా కళ్ళు అక్కడివని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అత్తగారు గడ్డం పట్టుకుని దొరల కళ్ళు అన్నప్పుడు కాదనలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లని, ఎలా అంటాను? తర్వాత చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. రత్నరాజు ఇది రాస్తూ పెన్ను ఆపి నా మొహం చూస్తున్నాడు. రాయరా వెధవా.

శాంతికి నేను రాసిన ఉత్తరం ఉంటే చింపేయమను. ఆ పిల్లకు నా మాటగా తప్పయిందని చెప్పు. వద్దులే, కట్టు విప్పాక నేనే ఫోను చేసి చెప్తాను. నువ్వు చెప్తే సగమే చెప్తావు.

రాయి సంగతి నాకు తోచడం లేదు. ఊరికే అరిచాను గానీ నీ చోట నేనున్నా అక్కడే ఆగిపోయేదాన్ని. కానీ పుల్ల తీసేస్తే బిడ్డ ఎక్కడున్నాడో తెలియదు. అది ఒక్కటి చూడు.

అక్క.


ఫార్మింగ్టన్ హిల్స్,
నవంబరు 14, 1982.

అక్కయ్యకు వందనాలు.

నీ ఫోను వచ్చాక శాంతి చాలాసేపు స్నానాల గదిలో ఉంది. బయటికి వచ్చి "పెద్దత్తయ్యకి దోసావకాయ పంపుదాం" అంది. సీసా పోస్టులో వస్తుంది. జాగ్రత్తగా విప్పు.

ఆర్థరు గారి నుంచి కవరు వచ్చింది. రేకు పెట్టె దొరికిందట. ఆ అక్కచెల్లెళ్ళు పెళ్ళి చేసుకోలేదు. దారాలూ గుండీలూ అమ్మే చిన్న కొట్టు నడిపారు. బోర్డింగుకు పన్నెండేళ్ళు డబ్బు పంపారు. పెట్టెలో రెండు ఫోటోలు ఉన్నాయి. వాటికి కాపీలు తీయించి పంపాడు.

ఒకటి 1878. ఒక పిల్లవాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎముకలు. కుడి చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. ఎవరో చెవిపోగు లాగేసుకున్నట్టున్నారు. వెనక జోసెఫ్ అని రాసి ఉంది.

రెండోది 1880. ఇంకో పిల్లవాడు. అదే గోడ. చొక్కా కూడా అదే అనుకుంటాను, ఒంటికి పొడుగైంది. ఇతని చెవులు రెండూ బాగున్నాయి. నుదురు నాన్నది. నేను చాలాసేపు చూశాను అక్కా. రవికుమార్‌కు ఎడమ కనుబొమ్మ పైకి ఉండేది కదా. ఉంది.

ఈ ఫోటో వెనక ఎక్కువ రాసి ఉంది. దానికీ కాపీ పంపాడు. సన్నటి గొలుసు రాత. రేణు భూతద్దం పెట్టి కూడబలుక్కుని చదివింది. దాని చేత తెలుగులో చెప్పించుకుని ఇక్కడ దించాను.

"ఇతను మన జోసెఫ్ కాదు. చెవి చూడు. మనవాడు పోయి ఉంటాడు. వాళ్ళు మనకు చెప్పలేదు. అడగవద్దు, అడిగితే ఈ పిల్లవాణ్ణి పంపేస్తారు. ఇతనికీ మన పేరే ఉండనీ. డబ్బు ఎప్పటిలాగే పంపాలి."

మూడుసార్లు చదివించుకున్నాను. రేణు అంది, "తాతా, వాళ్ళకి తెలుసు." అవునమ్మా అన్నాను.

ఆర్థరు గారు చివర ఒక ముక్క రాశాడు. పేజీలు అచ్చుకు వెళ్ళిపోయాయి, మీరు చివరి వరుసలోనే ఉంటారు, ఏమీ అనుకోవద్దు అని. నేను ఏమీ అనుకోలేదు.

నిన్న శాంతి సెలవు పెట్టింది. ముగ్గురం రాళ్ళ దుకాణానికి వెళ్ళాం. అదే మనిషి. అదే కాగితం తీశాడు. పైన పెద్ద అక్షరాలతో పెల్‌వర్త్ అని నేనే రాశాను, ఇంగ్లీషులో.  రేణు పక్కన ఇంకోసారి నీటుగా రాసింది. కింద రవికుమార్, వాడు పుట్టిన ఏడు, పోయిన ఏడు.

అడుగున ఒక వరుస ఖాళీ ఉంది. అది మామూలుగా ఏదైనా బైబిలు వాక్యానికట. వాక్యం ఏం కావాలి అని అడిగాడు. శాంతి నా వైపు చూసింది. జోసెఫ్, 1879 అని, రెండు ఫోటోల మధ్య ఏడు వేసి, రాయమన్నాను. చిన్న అక్షరాలు చాలు అన్నాను.

అతను పెన్ను ఆపి, ఈ జోసెఫ్ మీకు ఏమవుతాడు అని అడిగాడు. నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదు. తెలుగులో కూడా రాదు. రేణు చెప్పింది. "ఆ పేరు ముందు అతనిది" అంది.

అతను రాసుకున్నాడు.

నీ తమ్ముడు,
దైవాశీర్వాదం.


ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 24, 1983.

అక్కయ్యకు వందనాలు.

నేల గడ్డకట్టి ఉన్నన్నాళ్ళు రాళ్ళు పాతరట. అందుకని ఇన్నాళ్ళు పట్టింది. గురువారం పెట్టారు. ఇవాళ ఆరాధన అయ్యాక ముగ్గురం వెళ్ళాం.

రాయి బూడిద రంగు. అక్షరాలు బాగా కనపడుతున్నాయి. నీ కొత్త కళ్ళకైతే రోడ్డు మీద నుంచే కనపడతాయి. వేసవిలో రత్నరాజు తీసుకొస్తానన్నాడు కదా, రా.

పాత పుల్ల పక్కన పడేసి ఉంది. రేణు దాన్ని ఇంటికి తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు. గరాజులో పార పక్కన పెట్టింది.

శాంతి పువ్వులు పెట్టి కారు దగ్గరికి వెళ్ళింది. నేను ఇంకాసేపు ఉన్నాను. మోకాళ్ళు వంగడం లేదు, అయినా కూర్చున్నాను. పొద్దున వాన కురిసింది. అడుగు వరుస గడ్డి దాకా ఉంది. అక్కడ అరచెయ్యి ఆనించాను.

చల్లగా ఉంది. కొంచెం తడిగా కూడా ఉంది.

చెయ్యి తీయలేదు. రేణు వచ్చి పిలిచే దాకా అలాగే ఉన్నాను.

నీ తమ్ముడు,
పెల్‌వర్త్ దైవాశీర్వాదం.